చికానో అధ్యయనాల్లో ఆరోగ్యానికి చోటెందుకు?

ప్రశ్న: అమెరికా విశ్వవిద్యాలయాల్లో చికానో, లాటినో అధ్యయనాలంటే ఏమిటి? ఆరోగ్యం కూడా అందులో ఎందుకుంది?

జవాబు: మెక్సికో మూలాలున్న అమెరికన్లు చికానోలు, లాటిన్ అమెరికా మూలాలున్న వారందరూ లాటినోలు. వీళ్ల గురించిన ఈ చదువు చికానోల హక్కుల ఉద్యమంలోంచి పుట్టింది. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ హైస్కూలు పిల్లలు వేలాదిగా తరగతులు బహిష్కరించారు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోనే సాంతా బార్బరాలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి ఈ కోర్సులకు ప్రణాళిక రాశారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ)లో పరిశోధన కేంద్రం 1969లోనే వచ్చినా, పూర్తిస్థాయి శాఖ ఏర్పడింది 2005లో. మధ్యలో, 1993లో, ఆ శాఖ కోసం విద్యార్థులు నిరాహార దీక్షకు దిగాల్సి వచ్చింది.

చరిత్ర, సాహిత్యం, వలస చట్టాలు, ఓటు రాజకీయాలు, వ్యవసాయ కూలీల సంఘాలు ఇందులో పాఠ్యాంశాలు. ఆరోగ్యాన్ని వీటినుంచి విడదీయలేం. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రిలో పురిటి నొప్పులు పడుతున్న మెక్సికన్ తల్లులచేత, వాళ్లకు రాని ఇంగ్లిష్‌లో ఉన్న పత్రాలమీద సంతకాలు పెట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. పదిమంది స్త్రీలు కోర్టుకెక్కారు. 1978లో తీర్పు వాళ్లకు వ్యతిరేకంగానే వచ్చింది. అయినా ఆ పోరాటంవల్లే సమ్మతి పత్రాలు స్పానిష్‌లోనూ ఇవ్వక తప్పలేదు. వైద్యం, భాష, చట్టం ఒకే మంచం దగ్గర కలిసిన ఈ ఉదంతం తరగతిలో తప్పక చదవదగ్గది.

పొలం పనికీ ఆరోగ్యానికీ ఉన్న ముడి మరో ఉదాహరణ: కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999 నుంచి వ్యవసాయ కూలీ కుటుంబాల పిల్లలమీద పురుగుమందుల ప్రభావాన్ని గమనిస్తున్నారు.

2020 నాటి చట్టం ప్రకారం కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ చదివేవారు జాతుల అధ్యయనాల్లో ఒక కోర్సు పూర్తిచేయాలి; చికానో, లాటినో అధ్యయనాలూ వాటిలో భాగమే. అక్కడ డిగ్రీలో చేరే తెలుగు విద్యార్థులకూ ఇది వర్తిస్తుంది.