ఫ్లూ టీకా ఏటా ఎందుకు మారుతుంది?

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఆర్థోమిక్సోవిరిడే కుటుంబానికి చెందింది. ఏ, బి రకాల జన్యు పదార్థం 8 ఆర్‌ఎన్‌ఏ ముక్కలుగా ఉంటుంది. పరీక్ష రాసే అభ్యర్థులు ముందుగా పట్టుకోవాల్సిన కీలకాంశం ఇదే. ఉపరితల ప్రోటీన్లయిన హిమాగ్లుటినిన్ (హెచ్), న్యూరామినిడేజ్ (ఎన్) ఉత్పరివర్తనాల వల్ల కొద్దికొద్దిగా మారడం యాంటిజెనిక్ డ్రిఫ్ట్. టీకా కూర్పును ఏటా సమీక్షించేది అందుకే. రెండు వేర్వేరు ఏ రకం వైరస్‌లు ఒకే కణంలో చేరి ఈ ముక్కలను మార్చుకుంటే మనుషులకు బొత్తిగా పరిచయం లేని వైరస్ పుట్టొచ్చు. అది యాంటిజెనిక్ షిఫ్ట్. మహమ్మారులకు దారితీసేది ఇదే.

2009 నాటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) అలా పుట్టిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 జూన్ 11న దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. మన దేశంలో తొలి కేసు ఆ ఏడాది మేలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది.

నిర్ధారణకు ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష. ఒసెల్టామివిర్ మందు న్యూరామినిడేజ్‌ను అడ్డుకుంటుంది. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వాడితే ప్రయోజనం ఎక్కువ. యాంటీబయాటిక్స్ వైరస్‌పై పనిచేయవు. బ్యాక్టీరియా న్యుమోనియా తోడైతేనే వాటి అవసరం. ఈ మాట పరీక్ష కోసమే కాదు, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చినప్పుడూ గుర్తుంచుకోండి. ఫ్లూ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు.