రాటుదేలడానికి ‘టఫెన్ అప్’

గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలక బిక్కమొహంతో బయటికొచ్చిన జూనియర్‌తో సీనియర్ అంటాడు: ‘యూ నీడ్ టు టఫెన్ అప్, రా!’ ఇలాంటివాటికి బెదిరిపోకూడదు, కాస్త రాటుదేలాలి అని. స్పెల్లింగులో జీ, హెచ్ ఉన్నా పలికేది ‘ఫ’ అనే. ఈ ఫ్రేజల్ వెర్బ్‌కు ప్రధానంగా మూడు వాడుకలున్నాయి.

1. తానే గట్టిపడటం: ‘ఐ టఫెన్డ్ అప్ ఇన్ మై ఫస్ట్ జాబ్.’ మొదటి ఉద్యోగంలోనే రాటుదేలాను.

2. ఇంకొకరిని గట్టిపరచడం: ‘ఫీల్డ్ సేల్స్ టఫెన్డ్ హిమ్ అప్.’ ఎండలో తిరిగి, కస్టమర్ల చేత కాదనిపించుకుని మొండితేలాడన్నమాట. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. హిమ్, హర్, దెమ్ లాంటి సర్వనామాలు మధ్యలోనే రావాలి. ‘టఫెన్డ్ అప్ హిమ్’ తప్పు. నామవాచకమైతే ‘టఫెన్ అప్ ది ట్రైనీస్’, ‘టఫెన్ ది ట్రైనీస్ అప్’ రెండూ ఒప్పే. ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలకు చదివేవారు ఎర్రర్ స్పాటింగ్ కోసం ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి.

3. చట్టాలు, నిబంధనలను కఠినం చేయడం: ‘ది గవర్నమెంట్ టఫెన్డ్ అప్ ది ట్రాఫిక్ లా ఇన్ 2019.’ ఆ ఏడాది మోటారు వాహనాల చట్ట సవరణతో లైసెన్సు లేకుండా బండి నడిపితే వేసే జరిమానా రూ.500 నుంచి రూ.5,000కు పెరిగింది. ఈ అర్థంలో ‘టైటెన్ అప్’ కూడా వాడొచ్చు. మనిషి రాటుదేలాడని చెప్పడానికి మాత్రం అది పనికిరాదు.

ఎవరితో అంటున్నామన్నది ముఖ్యం. స్నేహితుల మధ్య ‘టఫెన్ అప్!’ చెల్లుతుంది. బాధలో ఉన్నవారితో అంటే పుండు మీద కారం చల్లినట్టే. పై అధికారితో అసలు అనకూడదు. ధైర్యం చెప్పాలనుకుంటే ‘హ్యాంగ్ ఇన్ దేర్’ మేలు.

ఇంటర్వ్యూలో వైఫల్యం గురించి అడిగితే ‘ఐ టఫెన్డ్ అప్’ అని ఊరుకోకండి. ఆ తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి: ‘ఆఫ్టర్ టూ రిజెక్షన్స్, ఐ టఫెన్డ్ అప్ అండ్ స్టార్టెడ్ టేకింగ్ మాక్ ఇంటర్వ్యూస్.’ బోర్డు చూసేది మీ మొండితనాన్ని కాదు, అది మీ చేత చేయించిన పనిని.

ఒక్కో వాడుకకు ఒక్కో సొంత వాక్యం రాసి, పైకి చదవండి. పుస్తకంలోని వాక్యం బట్టీపడితే పరీక్ష హాల్లో మరచిపోవచ్చు, మీ అనుభవంతో అల్లుకున్నది మరచిపోరు.