ఎం.ఏ. హిస్టరీకి వెళ్తారా? ఉర్దూ అక్షరాలతో మొదలుపెట్టండి

డిగ్రీ కాగానే ఎయిర్‌పోర్టు కార్గోలో షిఫ్టుకు పోవాలా, ఫ్యాబ్ సిటీ కంపెనీల్లో దరఖాస్తు పెట్టాలా? రావిర్యాల, మహేశ్వరం, శంషాబాద్ పిల్లలు ఎక్కువగా ఈ రెంటి మధ్యే ఊగుతుంటారు. ఎవరైనా ఎం.ఏ. హిస్టరీ అన్నారంటే ఇంట్లో వినపడే మొదటి మాట, "దాంతోని ఏమొస్తది బిడ్డా?" అడగాల్సిన ప్రశ్నే. రెండేళ్లు చదివితే నేరుగా ఉద్యోగం చేతిలో పెట్టే పట్టా కాదది. అయినా ఆధునిక చరిత్ర విషయంలో ఈ పిల్లలకు ఒక వసతి ఉంది. దానికి కావలసిన ముడిసరుకు చాలామంది ఇళ్లల్లో ట్రంకుపెట్టె అడుగున పాత పహాణీల (భూమి, సాగు లెక్కల కాగితాల) రూపంలో పడి ఉంది.

నిజాం కాలంలో హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్లు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా. అందులో చాలా భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత భూములు. మిగిలినవాటిలో పాయిగాలు, జాగీర్లు, అంటే నిజాం తన ప్రభువర్గాలకు ఇచ్చిన భూములు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. మరుసటి ఏడాది సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే వార్ధా నుంచి నడిచి వచ్చింది ఇక్కడికి దగ్గర్లోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికే. అక్కణ్నుంచి పోచంపల్లి వెళ్లాకే భూదాన ఉద్యమం పుట్టింది. ఆ తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ. అర్ధ శతాబ్దం గడిచాక సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చి, 2008 మార్చిలో మొదలైంది. 2016లో రావిర్యాలలో వండర్‌లా తెరిచారు. ఇప్పుడు ఇక్కడి ఔటర్ రింగ్ రోడ్డు నుంచి ఆమనగల్లు దిక్కు గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు. ఒక్క సర్వే నంబరు పట్టుకుని ఈ దశలన్నిటి గుండా నడిస్తే ఎం.ఏ. డిసర్టేషన్ తయారవుతుంది. ఆ కౌలుదారీ చట్టం కింద 38-ఇ (యాజమాన్య) సర్టిఫికెట్ ఉన్న రక్షిత కౌలుదారుల కుటుంబాలకు ఏమైందన్న ఒక్క ప్రశ్న మీదే పీహెచ్‌డీ దాకా పోవచ్చు.

అయితే చిక్కు భాషతో వస్తుంది. 1880ల నుంచి 1948 దాకా నిజాం ఆఫీసుల భాష ఉర్దూ, అంతకు ముందు ఫారసీ. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఆ కాలపు కాగితాలు గుట్టలుగా ఉన్నాయి. ఉర్దూ చదవలేకపోతే వాటి ముందు కూర్చున్నా లాభం లేదు, బ్రిటిష్ రెసిడెన్సీ ఇంగ్లిష్ రికార్డులే దిక్కు. అప్పుడు మన ఊరి కథ బ్రిటిష్ అధికారి కళ్లతో రాయాల్సి వస్తుంది. అచ్చు ఉర్దూ చదవడం కొన్ని నెలల పని. షికస్తా అనే గొలుసుకట్టు చేతిరాతకు మాత్రం ఓపిక పట్టాలి.

ఉద్యోగాల మాటకొస్తే, పీజీలో 50 శాతం మార్కులుంటే జూనియర్ లెక్చరర్ పరీక్ష రాయొచ్చు. డిగ్రీ కాలేజీకైతే జనరల్ అభ్యర్థులకు 55 శాతంతో పాటు నెట్ లేదా సెట్ కావాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధన మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000. బీఈడీ కలిస్తే స్కూళ్ల దారి తెరుచుకుంటుంది. గ్రూప్-1, గ్రూప్-2ల్లో తెలంగాణ ఉద్యమానికి ప్రత్యేక పేపరే ఉంది. కానీ గ్రూప్స్ కోసమే ఎం.ఏ.లో చేరకండి. దానికి పుస్తకాలూ రీడింగ్ రూమూ చాలు. నన్నడిగితే ఈ ప్రాంతంలో అసలు కొరత మరోచోట ఉంది. హిస్టరీ ఎం.ఏ. చేసి, తర్వాత ఎల్‌ఎల్‌బీ చదివి, పాత ఉర్దూ సేత్వార్‌ను (భూమి సర్వే రిజిస్టరును) సొంతంగా చదవగల లాయరు కావాలి. ఎకరం ధర కోట్లలో పలికే చోట అలాంటి మనిషికి పని దొరక్కపోదు.

ఉస్మానియాతో సహా రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు సీపీగెట్ ద్వారా, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో సీయూఈటీ-పీజీ ద్వారా. ఉద్యోగం వదల్లేని వాళ్లకు ఇగ్నో దూరవిద్య ఉంది గానీ, ఆర్కైవ్స్ పని నేర్పే గురువు పక్కన ఉండరు. సీపీగెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి మీరు చేరాలనుకునే కాలేజీ హిస్టరీ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి, హైదరాబాద్ రాష్ట్ర చరిత్ర మీద పనిచేస్తున్న అధ్యాపకులు ఇప్పుడు ఎవరున్నారో కనుక్కోండి. ఎవరూ లేకుంటే ఆ కాలేజీ ఇంటికి ఎంత దగ్గరైనా సరే, ఆప్షన్లలో కిందికి దించండి.