జీపు ఎందుకు కదలలేదు?

నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న తాలూకా కేంద్రం. ముద్‌ఖేడ్ నుండి ఆదిలాబాద్ వెళ్లే రైలుమార్గం ఈ ఊరి మీదుగా పోతుంది. రైలుమార్గానికి దూరంగా ఉన్న పల్లెలవారికి మాత్రం జీపులు ఎంతో అవసరం. అలాంటి ఒక పల్లెలో పాత డీజిలు జీపు ఒకటి ఉన్నదనుకుందాం.

అది మార్చి నెల. పదవ తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. ఆరుగురు పిల్లలు అట్టలు, పెన్నులు పట్టుకొని జీపు ఎక్కారు. వారిలో డ్రైవరు కూతురు కూడా ఉన్నది. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను గిరగిర తిరిగింది కాని అందుకోలేదు. మళ్లీ తిప్పినా అంతే.

"పెద్ద పంపు పోయినట్టుంది. ఇక వేలకు వేలు ఖర్చు" అని డ్రైవరు తల పట్టుకున్నాడు.

పొరుగింటి ముసలి మిస్త్రీ వచ్చి, "ఆగు తమ్ముడూ! ఊరికే తిప్పితే బ్యాటరీ కూడా దిగిపోతుంది. ముందు పొగ చూద్దాం" అన్నాడు.

ఇంజను తిరుగుతున్నప్పుడు పొగగొట్టం నుండి తెల్లని పొగ వస్తే, డీజిలు చేరుతున్నది కాని మండడం లేదని అర్థం. ఇక్కడ పొగే లేదు. అంటే డీజిలు ఇంజనులోకి చేరడం లేదు.

డీజిలు ట్యాంకు నుండి చిన్న పంపుకు, అక్కడి నుండి ఫిల్టరుకు, తరువాత పెద్ద పంపుకు, చివరకు నాజిళ్లకు పోతుంది. మిస్త్రీ ఆ దారి వెంటనే వెదికాడు. ఇంజను ఆపే మీట సరిగానే ఉన్నది. ట్యాంకులో సగం డీజిలు ఉన్నది. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోలేదు. తరువాత ఫిల్టరు మీది మర కొద్దిగా వదులు చేసి, చిన్న పంపు మీటను చేతితో ఆడించాడు. బుడగలతో నురుగు వచ్చింది.

"గాలి చేరింది" అన్నాడు మిస్త్రీ.

గాలి చేరితే ఏమవుతుంది? సైకిలు పంపు కొనను వేలితో మూసి నొక్కి చూడండి. లోపలి గాలి కుంచించుకుపోతుంది. పెద్ద పంపులోనూ ఇంతే. నొక్కిన బలమంతా గాలిని కుదించడానికే సరిపోతుంది, నాజిలు తెరుచుకోదు. సైకిలు పంపును గబగబా కొట్టినప్పుడు అది వేడెక్కడం కూడా మీరు గమనించే ఉంటారు. డీజిలు ఇంజనులో గాలిని బాగా కుదించడం వల్ల పుట్టే అలాంటి వేడికే డీజిలు మండుతుంది. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇలాంటి ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు.

ఎంతసేపు ఆడించినా బుడగలు ఆగలేదు. "మిస్త్రీ కాకా! గొట్టం ఎక్కడా తడిగా లేదు. మరి గాలి ఎట్లా పోతున్నది?" అని అడిగింది డ్రైవరు కూతురు.

"మంచి ప్రశ్న అడిగినావు బిడ్డా! ట్యాంకు కింద ఉంది, పంపు పైన ఉంది. ఈ గొట్టంలో డీజిలును పంపు పీల్చుకుంటుంది. పగులు ఉంటే డీజిలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది."

వెదకగా రబ్బరు గొట్టం కొన దగ్గర సన్నని పగులు కనిపించింది. పగిలిన కొనను కత్తిరించి, గొట్టాన్ని మళ్లీ ఎక్కించి క్లిప్పు బిగించారు. మీట ఆడించగా బుడగలు తగ్గి డీజిలు ధారగా వచ్చింది. అప్పుడు మర బిగించి, పెద్ద పంపు దగ్గర కూడా అలాగే గాలి తీశారు. ఒలికిన డీజిలును గుడ్డతో తుడిచారు. తాళం తిప్పగానే కొంచెం పొగ వచ్చి, ఇంజను అందుకున్నది.

"బాపూ! పెద్ద పంపు పోలేదు" అని నవ్వింది కూతురు. పిల్లలు పరీక్ష వేళకు చేరుకున్నారు.

ఇలాంటి పని పెద్దలే చేయాలి. దగ్గరలో నిప్పు ఉండరాదు. నాజిలు నుండి వచ్చే ధార చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. చేయి అడ్డు పెట్టరాదు.

ఏ చిక్కు వచ్చినా పెద్ద భాగాన్ని తప్పుపట్టడం సులభం. మొదటి నుండి ఒక్కొక్కటి పరీక్షిస్తే అసలు కారణం తెలుస్తుంది.

అభ్యాసం

1. పొగ రాకపోవడం వల్ల మిస్త్రీ ఏమి గ్రహించాడు?
2. గొట్టం పగిలినా డీజిలు ఎందుకు కారలేదు?
3. డీజిలు ప్రయాణించే దారిని వరుసగా రాయండి.
4. సొంత వాక్యాలలో ప్రయోగించండి: తల పట్టుకొను, వేలకు వేలు.