కూరగాయల సైకిలుకు పాత రంగు తీసిన విధము

మోతీనగర్‌లో మన హాస్టల్లో ఉన్నవారికీ, ఉండి వెళ్ళినవారికీ ఆ సైకిలు తెలుసు. ఎర్రగడ్డ రైతు బజారు నుండి కూరగాయల బస్తాలు మోసుకొచ్చే అట్లాస్ సైకిలు. ముందు గొట్టం మీది బిళ్ళపై భూగోళాన్ని భుజాన మోస్తున్న మనిషి బొమ్మ ఉంటుంది. ఆ కంపెనీ 1951లో నేటి హర్యానాలోని సోనీపత్‌లో మొదలైంది. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని ఫ్యాక్టరీలో 2020 జూన్‌లో పని ఆగిపోయింది. ఉన్న సైకిలునే కాపాడుకుందామని ఈ వార్షికోత్సవానికి ముందు రంగు వేయడానికి పూనుకున్నాము.

వార్షికోత్సవం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పాత రంగు మీదే కొత్త రంగు పూసి వెళ్ళారు (అన్నయ్యలు ఏమీ అనుకోవద్దు). పైన ఆకుపచ్చ, కింద నీలం, మళ్ళీ ఆకుపచ్చ, అన్నిటికన్నా అడుగున కంపెనీవారి నలుపు. నున్నని రంగును గరుకు చేయకుండా పైన ఇంకో పూత వేస్తే పట్టు ఉండదు. తుప్పు మీద వేస్తే ఆ తుప్పు లోపలే పెరిగి రంగును పెచ్చులుగా లేపుతుంది. మన సైకిలుకు రెండూ జరిగాయి.

మొదటి రోజు మేము పెద్ద తప్పే చేశాము. భోజనాల వరండాలో కూర్చుని పొడి ఉప్పు కాగితంతో రుద్దాము. చిన్న తరగతుల తమ్ముళ్ళు చుట్టూ చేరారు. గంటలో అందరి చేతులకూ ఆకుపచ్చ పొడి అంటుకుంది. సైన్సు మాస్టారు చూసి వెంటనే ఆపించారు. పాతకాలపు ఆకుపచ్చ రంగులను పసుపు రంగు లెడ్ క్రోమేటులో నీలం కలిపి చేయడం మామూలే. అందులో ఉన్నది సీసం. అది పిల్లల మెదడుకు చేటు చేస్తుంది, ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దు లేదు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదనే నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుండే అమలైంది. మన సైకిలు పూతలు అంతకు ముందువి. ఆ సాయంత్రం వరండాను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో మూడుసార్లు తుడిచాము.

మర్నాడు పని వెనక గోడ దగ్గరికి మార్చాము. తమ్ముళ్ళను రానివ్వలేదు. చక్రాలు, చైను, పెడళ్ళు విప్పాము. కాటర్ పిన్ను కొట్టేటప్పుడు నట్టును పూర్తిగా తీయక కొసదాకా వదులు చేసి, దాని మీద చెక్కముక్క పెట్టి కొట్టండి, మరలు చెడవు. చైను వైపు కప్పుకు మర తిరగబడి ఉంటుంది, సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక దాన్ని ఇంకా బిగించినవారిలో మేమూ ఉన్నాము.

పెయింట్ రిమూవర్‌ను మందంగా పూసి, పాలిథిన్ కాగితం చుట్టి ఇరవై నిమిషాలు ఉంచితే పై పూతలు మెత్తబడి ముడతలు పడతాయి. పుట్టీ రేకుతో గీకాలి. రబ్బరు తొడుగులు, కళ్ళద్దాలు, ఆరుబయట గాలి తప్పనిసరి. డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉంటే కొనకండి. దాని ఆవిరి ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. బ్లోల్యాంపుతో కాల్చడం అసలే వద్దు, సీసం పొగై ముక్కులోకి పోతుంది. గ్రైండరు పెడితే గొట్టం పలుచబడుతుంది, చెక్కిన ఫ్రేము నంబరూ చెరిగిపోతుంది.

మిగిలిన రంగును నీళ్ళు తడుపుతూ వాటర్ పేపరుతో, ముందు 120 నంబరు, తర్వాత 220తో తీశాము. బురదను పళ్ళాలు కడిగే తొట్టివైపు పోనీయకుండా పాత పేపర్లలో పట్టి, మూత డబ్బాలో వేశాము. కంపెనీ నలుపు గట్టిగా ఉన్నచోట తీయలేదు. కొలిమిలో కాల్చిన ఆ పూత కంటే మంచి ప్రైమరు మేము వేయలేము. గరుకు చేసి వదిలాము.

ఫోర్కు దగ్గర మాత్రం ఇనుము కనిపించేదాకా తీశాము. తలభాగంలో, మడ్‌గార్డు బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. గీతా, గీరా? మాస్టారు కిరసనాయిలు రాయించి, పావుగంట తర్వాత తుడిపించి, పైన సుద్దపొడి చల్లించారు. పగులైతే లోపలికి దిగిన నూనె సుద్దను తడుపుతుంది. రైల్వే వర్కుషాపుల్లో పూర్వం ఇరుసులను ఇలాగే చూసేవారట. రెండు నిమిషాల్లో తెల్లటి సుద్ద మీద నల్లని గీత పైకి తేలింది. ఎవరమూ మాట్లాడలేదు. రోజూ తెల్లవారుజామున వంట మాస్టారు రెండు బస్తాలతో ఆ ఫోర్కు మీదే రోడ్డు దాటి వస్తున్నారు.

వెల్డింగ్ చేయిద్దామని కొందరన్నారు. ఫోర్కుకు అతుకు వద్దని మాస్టారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతది చవకగానే ఉంది, కానీ దాని రంగు కింద ఏముందో ఎవరు చెప్పగలరు? చందా వేసుకుని కొత్తదే కొన్నాము.

తేలిన ఇనుమును థిన్నరుతో తుడిచి, మళ్ళీ ఒట్టిచేత్తో ముట్టకుండా ఆ పూటే రెడ్ ఆక్సైడ్ వేశాము. చెమట తగిలినా, ఒక రాత్రి వదిలినా తుప్పు మొదలవుతుంది. దానిపైన రెండు పూతలు నలుపు.

పాత ఫోర్కు స్టడీ రూములో మేకుకు వేలాడుతోంది, సుద్ద తుడవలేదు.