పెద్ద ఫైళ్లు, చిన్న లాగ్

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ 5.6లో స్కాన్ చేసిన పత్రాలు దాస్తున్నాం. ప్యాకెట్ పరిమితి పెంచినా 12 ఎంబీ ఫైలు ఎక్కడం లేదు. కారణమేమిటి?

జవాబు: అడ్డుపడుతున్నది రీడూ లాగ్. సర్వర్ హఠాత్తుగా ఆగిపోతే డేటాను తిరిగి నిలబెట్టేది ఇదే. దీని చోటు పరిమితం. చివరిదాకా నిండాక రాత మళ్లీ మొదటికొస్తుంది. ఒకప్పుడు భారీ బ్లాబ్ రాస్తుంటే చివరి చెక్‌పాయింట్ మీదే రాత పడేది. అప్పుడు రికవరీకి ఆధారమే పోయేది. అందుకే 2014లో వచ్చిన 5.6.20 వెర్షన్ నుంచి 5.6 సిరీస్‌లో బ్లాబ్ రాతకు లాగ్‌లో పదో వంతు హద్దు పెట్టారు.

5.6లో డిఫాల్టుగా 48 ఎంబీ లాగ్ ఫైళ్లు రెండుంటాయి. మొత్తం 96 ఎంబీ, హద్దు 9.6 ఎంబీ. 12 ఎంబీ అందులో ఇమడదు.

మొత్తం లాగ్ సైజు లెక్క సులువే: అతిపెద్ద ఫైలుకు పదింతలు, పైన కొంత వెసులుబాటు. 40 ఎంబీ దాకా ఫైళ్లొస్తే 256 ఎంబీవి రెండు చాలు. 5.6లో 'ఇన్నోడీబీ లాగ్ ఫైల్ సైజ్' మార్చి, సర్వర్‌ను సక్రమంగా ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. 8.0.30 నుంచి 'ఇన్నోడీబీ రీడూ లాగ్ కెపాసిటీ'ని సర్వర్ నడుస్తుండగానే మార్చవచ్చు. దాని డిఫాల్టు 100 ఎంబీ.

లాగ్ పెరిగితే డిస్కు చోటు తగ్గుతుంది, క్రాష్ తర్వాత రికవరీకి సమయమూ పెరగవచ్చు. బైనరీ లాగ్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫైలూ అక్కడా చేరుతుంది. దానికీ చోటు లెక్కగట్టుకోండి. ఫైళ్లు వందల ఎంబీలకు చేరితే వాటిని ఆబ్జెక్ట్ స్టోరేజీలో ఉంచి, డేటాబేసులో చిరునామా మాత్రమే దాచడం మేలు.