ముందు మీ కొలబద్దను కొలవండి

అపాచీ యుద్ధ హెలికాప్టర్ పేరు విన్నారు కదా. దాని ఫ్యూజ్‌లేజ్, అంటే దేహభాగం, తయారయ్యేది హైదరాబాద్ పక్కనున్న మన ఆదిభట్లలో. టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఆ కర్మాగారం 2018లో మొదలైంది. బోయింగ్ 737 నిలువు తోకరెక్కలు కూడా 2023 నుంచి అక్కడ తయారై వెళ్తున్నాయి. ఆ ఊళ్లోనే లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి టాటాలు సీ-130జె రవాణా విమానం తోకభాగం కడుతున్నారు. ఖమ్మంలో పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరిపోయే దూరం. అయినా చర్ల, దుమ్ముగూడెం వైపు పిల్లల్ని విమానాల్లో ఉద్యోగం అంటే ఏమిటని అడగండి. పైలట్ అంటారు, ఎయిర్ హోస్టెస్ అంటారు. అక్కడితో జాబితా అయిపోతుంది.

ఆ జాబితాలో లేని మనిషి టూలింగ్ ఇంజనీర్. ఈయన విమానం కట్టడు. కట్టేవాళ్లకు పనిముట్లు చేసిస్తాడు. రేకును కదలకుండా పట్టుకునే ఫిక్స్చర్, డ్రిల్లు సరిగ్గా ఎక్కడ దిగాలో దారి చూపే జిగ్, కార్బన్ పీచు పొరలు పరిచే అచ్చు, రంధ్రం కొలత సరిపోయిందో లేదో చెప్పే గేజ్ అన్నీ ఈయన చేతిలోవే. ఒక్కో రెక్కకు వేలాది రివెట్లు. ప్రతి రంధ్రం దగ్గరా ఆగి టేపు పట్టుకుని కొలుస్తూ కూర్చుంటే ఆ విమానం ఎగిరినట్టే! మంచి జిగ్ బిగించాక కొలవక్కర్లేదు. తప్పు చేద్దామన్నా డ్రిల్లు దిగదు.

ఈ వృత్తి నుంచి యువత నేర్చుకోవలసిన గుణం ఒక్కటుంది. తన కొలత మీద తనకే అనుమానం ఉండటం. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఆత్మవిశ్వాసం, ఆత్మవిశ్వాసం అని ఊదరగొడతాయి. పనిముట్లు తయారయ్యే టూల్ రూమ్‌లో మాత్రం అది మరీ ఎక్కువైనవాణ్ని చూస్తే అందరికీ గుబులు.

ఎందుకో హబుల్ టెలిస్కోప్ కథ చెబుతుంది. 1990 ఏప్రిల్‌లో అమెరికా దాన్ని అంతరిక్షంలోకి పంపింది. ప్రధాన అద్దం వ్యాసం 2.4 మీటర్లు. అంతకుముందు అంత నునుపుగా సాన పట్టిన పెద్ద అద్దం లేదన్నారు. తీరా చూస్తే ఫొటోలు మసక. అద్దం అంచు 2.2 మైక్రాన్ల మేర ఎక్కువగా అరిగింది. తలవెంట్రుక మందంలో అది ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. మరి సాన పట్టినవాళ్లు అజాగ్రత్తగా చేశారా? లేదు. వాళ్ల పని అచ్చంగా గేజ్ చెప్పినట్టే ఉంది. తప్పు ఉన్నది గేజ్‌లో. అద్దం వంపును పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు చోటు తప్పి కూర్చుంది. దూరం కొలిచే కడ్డీ కొసకు తొడిగిన మూత మీద రంగు కొంచెం ఊడింది. లేజర్ కాంతి కడ్డీ కొసకు తగలాల్సింది పోయి ఆ ఊడిన చోట తగిలి వెనక్కి వచ్చింది. ఆ లెక్కతో కటకం దాని చోటుకు చేరకపోతే సందు పూడ్చడానికి మామూలు వాషర్లు పెట్టి బిగించారు. వాషర్లు ఎందుకు కావలసి వచ్చాయని ఆ రోజు ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే!

ఇంకా బాధ కలిగించేది ఇది. మరో రెండు పరికరాలతో చేసిన పరీక్షలు లోపం ఉందని చెప్పాయి. అవి మన కొత్త పరికరమంత కచ్చితమైనవి కావు కదా అని వాటిని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, అద్దం తప్పును సరిచేసే వేరే అద్దాలు అమర్చి వచ్చేదాకా ఆ టెలిస్కోప్ చత్వారం కన్నుతోనే గడిపింది.

మీ జీవితంలో ఆ కొత్త పరికరం ఏది? బహుశా మిమ్మల్ని ఎప్పుడూ మెచ్చుకునే స్నేహితుడు. లేదా ఎప్పుడూ తిట్టే మేనమామ. ఒకే కోచింగ్ సెంటర్ వాళ్ల మోడల్ పేపర్లు కూడా కావచ్చు. వాటిలో మార్కులు బాగా వస్తున్నాయంటే అర్థం ఆ సెంటర్ పేపర్లు మీకు అలవాటయ్యాయని, అంతే. వేరే చోట, ముక్కూమొహం తెలియని మాస్టారు ఇచ్చిన పేపరు రాసి చూడండి. రెండు మార్కులకూ పొంతన లేకపోతే తక్కువ వచ్చిన పేపరును చెత్తబుట్టలో వేయకండి. ముందు దాన్నే చదవండి.

గేజ్ సరైనదే అయినా కొలతను చెడగొట్టేది ఇంకొకటుంది, ఎండ. ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకు దీని గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పరిశ్రమల్లో ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మన మే నెల 45 డిగ్రీలనుకోండి. 5 మీటర్ల అల్యూమినియం రేకు ఈ 25 డిగ్రీల తేడాకు దాదాపు 2.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాన్ని పట్టుకున్న ఉక్కు ఫిక్స్చర్ అందులో సగమే పెరుగుతుంది. రెండింటి రంధ్రాలూ ఇక కలవవు. విమానాల పనిలో మిల్లీమీటరులో పదో వంతుకే గొడవలవుతాయి. అందుకే పెద్ద కర్మాగారాల్లో ఆ భాగాన్ని ఏసీ గదిలో గంటల తరబడి ఊరకే ఉంచి, గది వేడికి వచ్చాకే కొలుస్తారు. కార్బన్ పీచు భాగాలను దాదాపు 180 డిగ్రీల దగ్గర ఉడికించే అచ్చులకు ఇన్వార్ అనే మిశ్రమలోహం వాడతారు. ఇనుములో 36 శాతం నికెల్ కలిపితే అది వేడికి పెరగడం దాదాపు మానేస్తుంది. దాన్ని కనిపెట్టిన గియోమ్‌కు 1920లో నోబెల్ వచ్చింది. హబుల్ కొలత కడ్డీ కూడా ఇన్వార్‌దే సుమా. మంచి లోహం ఉంది కదా అని చూడటం మానేస్తే ఏమవుతుందో ఇందాకే చదివారు.

మనిషికి ఇన్వార్ దొరకదు. చల్లారాక కొలుచుకోవడం ఒక్కటే దారి. ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం, ఇంట్లో మాటా మాటా పెరిగిన రాత్రి, ఉద్యోగం ఎవరికో వెళ్లిపోయిందని తెలిసిన గంట... అప్పుడు మీరు మీ గురించి చేసే లెక్క వేడిలో తీసిన కొలత. చేయొద్దని అనను, మనసు ఆగదు. నోటు పుస్తకంలో ఆ మాట రాసి, పక్కనే ‘కోపంలో’ అనో ‘ఏడుస్తూ’ అనో రాసుకోండి. మూడు రోజులయ్యాక మళ్లీ చూసి రెండో కొలత తీయండి. టూల్ రూమ్ రిజిస్టర్‌లో కొలత పక్కన ఉష్ణోగ్రత గడి ఉండేది అందుకే.

రంధ్రాల వరుసలో ఇంకో చిక్కుంది. మొదటిదాన్నుంచి రెండోది, రెండోదాన్నుంచి మూడోది కొలుచుకుంటూ పోతే, ఒక్కో చోట 0.1 మిల్లీమీటర్ తప్పు ఒకే వైపు పడినా పది కొలతలయ్యేసరికి అది ఒక మిల్లీమీటరు. కాబట్టి అన్నింటినీ ఒకే స్థిరమైన చోటు నుంచి కొలుస్తారు. డేటమ్ అంటారు దాన్ని. భద్రాచలం వాళ్లకు ఇది గోదావరి నీటిమట్టం స్కేలు లాంటిది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు. ముప్ఫై ఆరేళ్ల తేడాతో వచ్చిన రెండు వరదలను ఇలా పక్కపక్కన పెట్టి మాట్లాడగలుగుతున్నామంటే, భయాన్ని బట్టి సున్నాను జరపలేదు కాబట్టే. పక్కింటి అబ్బాయితో పోల్చుకోవడంలో ఇబ్బంది ఇక్కడే. అతని సున్నా రోజూ జరుగుతుంటుంది. నెల కిందట మీరు చేసిన పనే మళ్లీ చేసి చూసుకోండి. అదే లెక్క, అదే సమయం.

ఫిక్స్చర్ పాఠం ఒకటి చెప్పి ముందుకెళ్తాను. గాలిలో ఉన్న ఏ వస్తువైనా ఆరు రకాలుగా కదలగలదు. మూడు వైపులకు జరగడం, మూడు ఇరుసుల మీద తిరగడం. కింద మూడు బిందువులు, పక్కన రెండు, కొసన ఒకటి ఆనిస్తే కుదురుకుంటుంది. కింద నాలుగోది పెడితే గట్టిపడుతుందని అనుకుంటాం. నాలుగూ ఒకే ఎత్తులో ఉండవు కనుక ఊగుతుంది. గ్రూప్-2, కానిస్టేబుల్, బ్యాంకు, సింగరేణి నోటిఫికేషన్ అన్నింటికీ ఒకేసారి చదువుతున్నవాళ్లు ఒకటి తీసేసి చూడండి.

పని అయ్యాక పనిముట్ల లెక్క అప్పజెప్పడం కూడా ఈ వృత్తిలో భాగమే. ఆ అలవాటు మన బొగ్గుబావుల వాళ్లకు పాతదే. షిఫ్టుకు బావిలోకి దిగేవాడు ల్యాంప్ రూమ్‌లో క్యాప్ ల్యాంప్ తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక ఆ ల్యాంప్ తిరిగి రాకపోతే మనిషి ఎక్కడని వెతుకుతారు. విమానం షెడ్డులో స్పానర్‌కు అదే మర్యాద. ఒక్కటి తక్కువైతే అది దొరికేదాకా ఆ భాగం కదలదు. రెక్కలో మరిచిపోయిన స్పానర్ గాల్లో ఏం చేస్తుందో ఎవరూ ప్రయోగం చేసి చూడరు.

మరి ఈ దారిలోకి వెళ్లేదెలా? హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది. పనిముట్ల రూపకల్పన నేర్పడానికే కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో 1968లో పెట్టిన సంస్థ. టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో డిప్లొమాకు పదో తరగతి చాలు, ప్రవేశ పరీక్ష రాయాలి. ఇస్రో వికాస్ ఇంజన్‌కు భాగాలు చేసే ఎంటార్ సంస్థ పుట్టింది కూడా ఆ బాలానగర్‌లోనే, 1970లో. ఊరు దాటలేని పరిస్థితైతే ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు ట్రేడ్లలో ఏదో ఒకటి పట్టుకోండి. సింగరేణి వర్క్‌షాపులు, పాల్వంచ విద్యుత్ కేంద్రం, సారపాక కాగితపు మిల్లు, మణుగూరు భారజల కర్మాగారం... చేతికి కొలత అలవాటయ్యే చోట్లు మన అడవి అంచునే ఇన్ని ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్ ప్రకటన కోసం కన్నేసి ఉంచండి. ఈలోగా ఒక వెర్నియర్ కాలిపర్ సంపాదించి ఇంట్లో ఉన్న ఒకే నట్టును పదిసార్లు కొలిచి రాయండి. తర్వాత అంకెలు చూపించకుండా చెల్లెలితో కొలిపించండి.

దరఖాస్తు నింపే ముందు ఇంకో పని. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం మూడూ పక్కపక్కన పెట్టి మీ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే మీసేవకు వెళ్లండి. చివరి తేదీ దగ్గరపడ్డాక సర్వర్ పనిచేయదు.